పాత ప్రోగ్రామ్ విండోని మన ప్యానెల్‌లో పెడితే రెండూ కలిసి బిగుసుకుపోతున్నాయి

మారతహళ్ళి_మురళి
బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో చిన్న కంపెనీ మాది. రక్తపరీక్షల ల్యాబ్‌లకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. పేషెంటు వివరాలు, బిల్లు, రిపోర్టు ప్రింటు అన్నీ మా సి షార్ప్ ప్రోగ్రామ్‌లోనే జరుగుతాయి. ఒక ల్యాబ్‌లో రక్తకణాలు లెక్కపెట్టే మిషన్ ఉంది. దానితో వచ్చిన ప్రోగ్రామ్ విజువల్ బేసిక్ 6లో రాసింది. సోర్సు మా దగ్గర లేదు, అమ్మినవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. టెక్నీషియన్ ఆ విండోలో అంకెలు చూసి, మా విండోలోకి మారి, చేత్తో టైపు చేస్తున్నాడు. "రెండు విండోలు వద్దు, ఆ పాతదాన్ని మన స్క్రీన్‌లోనే ఒక ట్యాబ్‌లో చూపించు" అన్నారు మా మేనేజర్ గారు.

ఒక విండోని ఇంకో విండో లోపలికి తెచ్చే సెట్‌పేరెంట్ ఫంక్షన్ పిలిచి నోట్‌ప్యాడ్‌ని ప్యానెల్‌లో పెట్టి చూశాను. విండోస్ 10లో చక్కగా కూర్చుంది. అదే కోడ్‌తో ల్యాబ్ ప్రోగ్రామ్‌ని పెడితే దాని మెనూ బార్ మాయమైంది. మిషన్ నుంచి డేటా కోసం అది ఎదురుచూస్తున్నంతసేపూ మా విండో కూడా కదలదు, ఎక్కడ క్లిక్ చేసినా పలకదు. మాది మూసేస్తే దాని విండో పోతుంది గానీ ప్రాసెస్ టాస్క్ మేనేజర్‌లో అలాగే ఉంటుంది. మళ్ళీ తెరిస్తే, మిషన్ నుంచి డేటా వచ్చే సీరియల్ పోర్టుని ఇంకెవరో వాడుతున్నారంటుంది.

వచ్చే శుక్రవారం ల్యాబ్‌లో చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఇలాంటి పని చేశారా?

సి_షార్ప్_సీత
కోడ్‌లో వరుస చెప్పండి. సెట్‌పేరెంట్ ముందా, స్టైల్ (విండో ఏ రకమో చెప్పే బిట్లు) మార్చడం ముందా? సెట్‌పేరెంట్ తనంతట తాను స్టైల్ బిట్లను ముట్టుకోదు. విడి విండో అని చెప్పే డబ్ల్యూఎస్_పాపప్ తీసేసి, లోపలి విండో అని చెప్పే డబ్ల్యూఎస్_చైల్డ్ పెట్టడం మన పనే, అదీ సెట్‌పేరెంట్ పిలవడానికి ముందే. టైటిల్ బార్, అంచుల బిట్లు కూడా అప్పుడే తీసేయాలి. ఆ తర్వాత విండో చోటు, సైజు మార్చే సెట్‌విండోపాస్‌ని ఫ్రేమ్‌ఛేంజ్డ్ ఫ్లాగుతో ఒకసారి పిలవకపోతే పాత అంచులు తెరమీద అలాగే మిగులుతాయి.

మారతహళ్ళి_మురళి
సెట్‌పేరెంట్ ముందు పిలిచాను, స్టైల్ తర్వాత మార్చాను. ఇప్పుడు వరుస తిప్పి చూశాను. అంచులు సరిగ్గా పోయాయి, థాంక్స్ అండీ. మెనూ మాత్రం రాలేదు. బిగుసుకుపోవడం కూడా అలాగే ఉంది.

కోరమంగళ_కిరణ్
ముందు మీరు పట్టుకున్నది సరైన విండోనేనా చూడండి. విండోల వివరాలు చూపించే స్పై ప్లస్ ప్లస్ టూల్ తెరిచి క్లాసు పేర్లు చదవండి. విజువల్ బేసిక్ 6 ప్రోగ్రామ్‌లో కనబడే ఫారం క్లాసు థండర్‌ఆర్‌టీ6ఫారండీసీ. దాని వెనక థండర్‌ఆర్‌టీ6మెయిన్ అని ఇంకో విండో ఉంటుంది, సైజు లేనిది, ఫారంకి ఓనర్ అదే. డాట్‌నెట్‌లో మెయిన్‌విండోహ్యాండిల్ (ప్రధాన విండో గుర్తింపు సంఖ్య) అడిగితే ఈ రెండోది చేతికి రావచ్చు. నాకు ఒకసారి అలాగే వచ్చి, ఖాళీ ప్యానెల్ చూస్తూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ప్రాసెస్‌లో ఉన్న విండోలన్నీ వరుసగా చదివి, క్లాసు పేరుతో ఫారంని వెతికి పట్టుకోండి.

పాతకాపు_96
మురళీ, నీ మూడు కష్టాలూ ఒకే చోట పుట్టాయి. కొంచెం ఓపిగ్గా చదువు.

మెనూ ఎందుకు పోయిందంటే, చైల్డ్ విండోకి మెనూ బార్ ఉండదు. విండో తయారుచేసే క్రియేట్‌విండో ఫంక్షన్ చూడు. మెనూ హ్యాండిల్ ఇచ్చే చోటే, చైల్డ్ విండో అయితే దాని ఐడీ నంబరు ఇస్తాం. ఆ స్థానం ఒకటే, రెండింటిలో ఒక్కటే పడుతుంది. నువ్వు బలవంతంగా డబ్ల్యూఎస్_చైల్డ్ పెట్టావు గనక విండోస్ దాన్ని చైల్డ్‌గానే చూస్తోంది. ఆ మెనూలోనే కాలిబ్రేషన్ (మిషన్ కొలతలు సరిచూసే పని) ఉంటే టెక్నీషియన్‌కి ఇక దారి లేదు.

బిగుసుకుపోవడం ఇంకా లోతైన సంగతి. ప్రోగ్రామ్‌లో పని నడిపే ప్రతి థ్రెడ్‌కీ సొంత ఇన్‌పుట్ క్యూ (వరుస) ఉంటుంది. కీబోర్డు, మౌస్, ఫోకస్ ఎవరి దగ్గర ఉందన్న లెక్క, అన్నీ అందులోనే. ఒక ప్రాసెస్ విండోకి ఇంకో ప్రాసెస్ విండోని పేరెంట్ చేసిన క్షణంలో ఆ రెండు థ్రెడ్ల ఇన్‌పుట్ క్యూలను విండోస్ తనే కలిపేస్తుంది. క్యూలు కలిపే అటాచ్‌థ్రెడ్‌ఇన్‌పుట్ నువ్వు పిలవనక్కరలేదు, పిలిచినట్టే లెక్క. వీధి కుళాయి దగ్గర ఇద్దరికీ ఒకటే వరుస అనుకో. ముందున్న బిందె తీస్తేనే వెనక బిందెకి నీళ్ళు. ఆ పాత ప్రోగ్రామ్ సీరియల్ పోర్టు దగ్గర తన మెయిన్ థ్రెడ్‌లోనే ఆగి కూర్చుంటోంది. అది తన మెసేజ్‌లు తీసుకోనంతసేపూ నీవి కదలవు.

ఇది మేము చూసిన పాత రోజుల్లోకి తిరిగి వెళ్ళడమే. 1992లో విండోస్ 3.1 వచ్చినప్పుడు ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒకటే ఇన్‌పుట్ క్యూ. ఒకటి ఆగితే కంప్యూటర్ మొత్తం ఆగేది. విండోస్ ఎన్‌టీ, ఆ తర్వాత విండోస్ 95 వచ్చాకే 32 బిట్ ప్రోగ్రాములకు ఎవరి క్యూ వాళ్ళకి దక్కింది. ఆ గోడని నువ్వు ఒక్క ఫంక్షన్ కాల్‌తో పడగొట్టావు.

మూడోది. పేరెంట్ విండో నాశనమైతే చైల్డ్ విండోలు కూడా దానితో పోతాయి. కానీ ఆ ప్రాసెస్‌కి చచ్చిపొమ్మని ఎవరూ చెప్పలేదు. విండో లేకుండా, పోర్టు పట్టుకుని బతికే ఉంది. మీది మూసే ముందు సెట్‌పేరెంట్‌లో పేరెంట్ చోట నల్ (ఖాళీ) పెట్టి దాన్ని డెస్క్‌టాప్‌కి వదిలి, ఆ తర్వాత దాని పాత స్టైల్ దానికి తిరిగి ఇచ్చి, అప్పుడు మూసుకోమని చెప్పే డబ్ల్యూఎం_క్లోజ్ మెసేజ్ పంపు. అది తన పద్ధతిలో పోర్టు మూసుకుని వెళ్ళిపోతుంది.

బీటీఎం_భాస్కర్
ఒక బండి ఆగితే సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ మొత్తం ఆగినట్టన్నమాట. ఇప్పుడు బాగా అర్థమైంది పెద్దాయనా.

కొత్త_గూటి_పక్షి
ప్రాసెస్ మిగలకుండా, ప్రాసెస్‌లని గుంపుగా కట్టే జాబ్ ఆబ్జెక్ట్‌లో వేసి కిల్ ఆన్ జాబ్ క్లోజ్ పెడితే సరిపోదా? మనది పోగానే అదీ పోతుంది.

పాతకాపు_96
పోతుంది. కానీ అది డేటాబేసులో రాస్తుండగా మధ్యలో తెగిపోతే? విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాములు చాలావాటికి వెనక యాక్సెస్ ఫైలు ఉంటుంది. రాస్తుండగా చంపితే ఆ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. పేషెంట్ల రికార్డులవి. జాబ్ ఆబ్జెక్ట్‌ని చివరి రక్షణగా ఉంచుకోవచ్చు, మొదటి దారిగా కాదు.

టెర్మినల్_తిరుపతి
ఇంత భయపెట్టనక్కరలేదు. మా టీమ్‌లో సర్వర్లు చూసుకోవడానికి రాసుకున్న టూల్‌లో పుట్టీ (దూరపు సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్) విండోలని ట్యాబ్‌ల లోపల పెట్టి, అంటే ఎంబెడ్ చేసి, ఐదేళ్ళుగా నడుపుతున్నాం. సూపర్‌పుట్టీ, ఎంరిమోట్‌ఎన్‌జీ చేసేది కూడా ఇదే, వేరే ప్రాసెస్‌లో నడిచే పుట్టీ విండోని తెచ్చి తమ ట్యాబ్‌లో పెట్టడం. వేలమంది వాడుతున్నారు. సెట్‌పేరెంట్ పనికిరాదనడం నాకు నచ్చలేదు.

పాతకాపు_96
పనికిరాదని నేను అనలేదు తిరుపతీ. పుట్టీకి పైన మెనూ బార్ లేదు, డైలాగులు తక్కువ, నెట్‌వర్క్ కోసం మెయిన్ థ్రెడ్‌ని ఆపి కూర్చోదు. అందుకే అది మంచి అద్దెదారు. మురళి ఇంట్లోకి తెచ్చుకున్నది అలాంటిది కాదు.

టెర్మినల్_తిరుపతి
అది ఒప్పుకుంటాను. మాకూ ఒక ఇబ్బంది ఉంది. సర్వర్ కీ మారిందని పుట్టీ హెచ్చరిక డైలాగు వేస్తే టూల్ మొత్తం ఏ ట్యాబూ పలకదు. ఎందుకో ఎప్పుడూ తెలియలేదు.

పాతకాపు_96
డైలాగు చైల్డ్ విండోని ఓనర్‌గా అడిగితే, విండోస్ ఆ చైల్డ్‌కి పైనున్న టాప్ లెవెల్ విండోని ఓనర్‌గా తీసుకుంటుంది. ఎంబెడ్ చేశాక ఆ టాప్ లెవెల్ విండో మీ టూలే. జవాబిచ్చేదాకా వదలని మోడల్ డైలాగు తన ఓనర్‌ని డిసేబుల్ చేస్తుంది గనక మీ టూల్ మొత్తం డిసేబుల్ అవుతోంది. డైలాగు వెనక్కి పోతే జనం హ్యాంగ్ అయిందనుకుంటారు.

టెర్మినల్_తిరుపతి
ఐదేళ్ళ సందేహం తీరింది. రేపే టీమ్‌కి చెబుతాను.

లినక్స్_లక్ష్మణ్
లినక్స్ వైపు ఎలా ఉంటుందో కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. తెరమీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11లో ఎక్స్‌రీపేరెంట్‌విండో అని ఉంది, ఏ క్లయింట్ అయినా ఇంకో క్లయింట్ విండోని తన కిందకి తెచ్చుకోవచ్చు. విండో మేనేజర్లు మనకు టైటిల్ బార్ తగిలించేది కూడా చాలావరకు ఇలాగే. ఫోకస్, ట్యాబ్ కీ మర్యాదగా చేతులు మారడానికి ఎక్స్‌ఎంబెడ్ అని ఒక ప్రోటోకాల్ రాసుకున్నారు. ఎక్స్‌టర్మ్‌కి ఇన్‌టూ అనే ఆప్షన్‌తో విండో ఐడీ ఇస్తే అది వెళ్ళి ఆ విండోలోనే తెరుచుకుంటుంది. ఎంపీవీ ప్లేయర్‌కి డబ్ల్యూఐడీ ఆప్షన్ ఉంది. జీటీకే 3 వరకు సాకెట్, ప్లగ్ అని రెండు విడ్జెట్లు ఉండేవి, జీటీకే 4లో తీసేశారు.

దాని బదులు వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్‌లో ఈ కథే లేదు. ఒక క్లయింట్‌కి ఇంకో క్లయింట్ విండో కనబడదు, తాకలేదు. ఎక్స్‌డీజీ ఫారిన్ అనే ప్రోటోకాల్ ఉంది గానీ అది నా డైలాగు ఫలానా విండో పైన ఉండాలని చెప్పడానికే, లోపల పెట్టడానికి కాదు. నిజంగా లోపల చూపించాలంటే మన ప్రోగ్రామే ఒక చిన్న కంపోజిటర్ (విండోలన్నీ కలిపి తెర గీసేది) అవ్వాలి. అది వారాంతంలో అయ్యే పని కాదు. అయినా వేలాండ్ వాళ్ళు చేసింది సరైనదే అంటాను. ఎవరి కిటికీలో ఎవరైనా తొంగిచూడగలిగితే పాస్‌వర్డు టైపు చేసేవాడికి రక్షణ ఏది?

ఫ్రంటెండ్_ఫణి
వెబ్‌లో కూడా ఇదే గొడవ జరిగింది. పేజీలో ఇంకో పేజీని చూపించే ఐఫ్రేమ్‌లో ఎవరి పేజీనైనా పెట్టుకోవచ్చు అన్న రోజుల్లో, బ్యాంకు పేజీని కనబడకుండా పైన పరిచి క్లిక్కులు దొంగిలించేవాళ్ళు. 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8తో ఎక్స్ ఫ్రేమ్ ఆప్షన్స్ వచ్చింది, తర్వాత ఫ్రేమ్ యాన్సెస్టర్స్. నన్ను ఎవరు లోపల పెట్టుకోవచ్చో పేజీయే చెబుతుంది. పెట్టుకునేవాడి ఇష్టం కాదు.

కొత్త_గూటి_పక్షి
నేను ప్రాక్టీసు కోసం విండోస్ 11లో కాలిక్యులేటర్‌ని ఎంబెడ్ చేయబోతే హ్యాండిల్ సున్నా వస్తోంది. క్రోమ్‌కి కూడా అంతే. తప్పు ఎక్కడ?

కోరమంగళ_కిరణ్
మీ తప్పు లేదు. కాల్క్ అనే పాత పేరుతో నడిపితే అది స్టోర్ యాప్‌ని లేపి తను వెళ్ళిపోతుంది. కనబడే విండో ఫ్రేమ్ అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్ అనే ఇంకో ప్రాసెస్‌ది. క్రోమ్ అయితే అప్పటికే ఒకటి తెరిచి ఉంటే, కొత్తగా నడిపింది ఆ పాతదానికి పని అప్పగించి ముగిసిపోతుంది. యూజర్ డేటా డైరెక్టరీ వేరేగా ఇచ్చి నడిపితే కొత్త ప్రాసెస్ నిలబడుతుంది. కానీ వెబ్ పేజీ చూపించడమే మీ పని అయితే క్రోమ్‌ని పట్టుకుని లాగకండి, వెబ్‌వ్యూ2 వాడండి. అది లోపల కూర్చోవడానికే చేసింది.

ఆడియో_అనూష
కిరణ్ గారి చివరి మాట దగ్గరే నేనూ వస్తున్నాను. చెన్నైలో మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. మా దగ్గర ఒకరి ఇంటర్‌ఫేస్ ఇంకొకరి విండోలో ఉండటం రోజూ జరిగేదే. పాట మిక్స్ చేసే ప్రోగ్రామ్ ఒక కంపెనీది, దానిలో తెరిచే రివర్బ్ ప్లగిన్ ఇంకో కంపెనీది. వీఎస్‌టీ3 అనే ప్లగిన్ పద్ధతిలో హోస్ట్ (ప్లగిన్‌ని తెరిచే ప్రోగ్రామ్) ఒక ఖాళీ విండో తయారుచేసి, దాని హ్యాండిల్‌ని ప్లగిన్ వ్యూకి అటాచ్డ్ అనే ఫంక్షన్‌తో ఇస్తుంది. విండోస్ అయితే హెచ్‌డబ్ల్యూఎన్‌డీ, మ్యాక్ అయితే ఎన్‌ఎస్‌వ్యూ, లినక్స్ అయితే ఎక్స్11 ఎంబెడ్ ఐడీ. ప్లగిన్ తన నాబ్‌లూ మీటర్లూ అందులోనే కట్టుకుంటుంది. సైజు మారాలంటే హోస్ట్‌ని అడుగుతుంది, మూసేముందు హోస్ట్ రిమూవ్డ్ అని చెబుతుంది.

మురళి గారు చేస్తున్నదానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ ప్లగిన్ రాసినవాడికి తను వేరేవాళ్ళ ఇంట్లో ఉండబోతున్నానని మొదటి రోజునుంచే తెలుసు. ల్యాబ్ ప్రోగ్రామ్ రాసినాయనకి తెలియదు. తన విండోయే లోకం అనుకుని రాశాడు. స్టైలు మార్చి, మెనూ తీసి, పేరెంట్ మార్చి ఇప్పుడు కదలమంటే ఎలా కదులుతుంది?

పాతకాపు_96
చాలా బాగా చెప్పావమ్మా అనూషా. 1993లో, ఒక ప్రోగ్రామ్ పత్రంలో ఇంకో ప్రోగ్రామ్‌ది పెట్టే ఓఎల్‌ఈ 2 పద్ధతి వచ్చినప్పుడు వర్డ్‌లో పెట్టిన ఎక్సెల్ పట్టికని డబుల్ క్లిక్ చేస్తే, వర్డ్ విండోలోనే ఎక్సెల్ మెనూలు ప్రత్యక్షమయ్యేవి. అది చూసి మేము కుర్చీల్లోంచి లేచాం. వెనక మాత్రం రెండు ప్రోగ్రాములూ ఎన్నో ఇంటర్‌ఫేస్‌లు అమలుచేసి, ఏ మెనూ ఎవరిది, ఏ చోటు ఎవరిది అని ఒకరినొకరు అడుగుతూ నడిచేవి. రెండువైపులా ఒప్పందం ఉంది గనకే నిలబడింది.

సి_షార్ప్_సీత
మురళి గారూ, ల్యాబ్ మానిటర్ ఎంత స్కేలింగ్‌లో ఉంది? 125 శాతం అయితే ఇంకో చిక్కు ఉంది. విజువల్ బేసిక్ 6 ప్రోగ్రామ్‌కి డీపీఐ (తెర స్కేలింగ్ లెక్క) అంటే తెలియదు, విండోస్ దాన్ని బొమ్మలా సాగదీసి చూపిస్తుంది. మీ ప్రోగ్రామ్‌కి తెలుసు. డీపీఐ తెలిసినదీ తెలియనిదీ ప్రాసెస్ దాటి పేరెంట్, చైల్డ్ అయితే చైల్డ్ ప్రాసెస్ డీపీఐ పద్ధతిని విండోస్ బలవంతంగా మార్చేస్తుంది. అక్షరాలు చిన్నవైపోతాయి.

మారతహళ్ళి_మురళి
125 శాతమే. అక్షరాలు చిన్నగా ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు తెలిసింది. ఇదొకటి అడగడం మర్చిపోయాను, మీరే చెప్పేశారు.

ల్యాబ్_లలిత
నాకు ప్రోగ్రామింగ్ రాదు. మా తమ్ముడు ఈ చర్చ పంపితే చదివాను. వడపళనిలో ఒక ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌ని. ఒక విషయం మీరెవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

మేము పనిచేసే చోట ఒకసారి ఇలాగే పాత మిషన్ స్క్రీన్‌ని కొత్త సాఫ్ట్‌వేర్ లోపల పెట్టి ఇచ్చారు. చూడటానికి బాగుంది. కానీ పెట్టిన చోటు వెడల్పు చాలక కుడిచివర కాలమ్ కోసుకుపోయింది. స్క్రోల్ కూడా లేదు. ఆ కాలమ్‌లోనే హెచ్చరిక గుర్తులు వస్తాయి. ఒక రోజు ప్లేట్‌లెట్లు 42,000 అని వచ్చింది. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాలి. డెంగీ రోజులు. అవతల పేషెంటు తల్లి ఏడుస్తోంది. నాకెందుకో అనుమానం వచ్చి స్లైడు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. అలా అతుక్కుంటే మిషన్ వాటిని సరిగ్గా లెక్కపెట్టలేదు, తక్కువ చూపిస్తుంది. వేరే ట్యూబులో రక్తం తీసి చేస్తే సరిపడా ఉన్నాయి. మిషన్ తన తెరమీద గుర్తు వేసే ఉంది. మాకు కనబడలేదు, అంతే.

దయచేసి మీరు ఏం చేసినా ఆ కాలమ్ మాత్రం కోయకండి.

బీటీఎం_భాస్కర్
అక్కా, ఇది చదివాక కాసేపు ఏమీ రాయాలనిపించలేదు.

మారతహళ్ళి_మురళి
లలిత గారూ, మీ పోస్టు చదివి వెంటనే తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్లు చూశాను. మా ప్యానెల్ 900 పిక్సెళ్ళు, వాళ్ళ ఫారం 1024. కుడివైపు ఏముందో నేను అసలు చూడలేదు. మా మేనేజర్ గారికి మీ పోస్టు చదివి వినిపించాను. శుక్రవారం డెమో వాయిదా వేయించారు.

మడివాళ_మస్తాన్
అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. మీకు కావలసింది ఆ విండో కాదు, అందులోని అంకెలు. టెక్నీషియన్ చేత్తో టైపు చేయడం పోవాలి, అంతే కదా? మిషన్ వెనక ఎన్ని సీరియల్ పోర్టులు ఉన్నాయో చూశారా? నేను హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇలాంటి మిషన్లు చాలావాటిలో ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కి రిజల్టు పంపడానికి వేరే పోర్టు ఉంటుంది, మాన్యువల్‌లో ఎల్‌ఐఎస్ అనో హోస్ట్ అనో రాసి ఉంటుంది. ఏఎస్‌టీఎం ఈ1381 అనే పద్ధతిలో ఫ్రేములు (డేటా ముక్కలు) పంపుతుంది, లోపల రికార్డులు ఈ1394 ప్రకారం ఉంటాయి. మీరు నేరుగా ఆ పోర్టు చదువుకోవచ్చు.

పాత ప్రోగ్రామ్ వాడుతున్న పోర్టునే మీరూ తెరవాలని చూడకండి. విండోస్‌లో ఒక కామ్ పోర్టుని ఒకసారి ఒక ప్రోగ్రామే తెరవగలదు.

సి_షార్ప్_సీత
మస్తాన్ గారిది సరైన దారి. అయినా కాలిబ్రేషన్ కోసం పాత విండో ఎలాగూ ఉండాలి. దాన్ని చైల్డ్ చేయకుండా, మన విండోని దానికి ఓనర్‌గా పెడితే ఎలా ఉంటుంది? మెనూ ఉంటుంది, ఎప్పుడూ మన విండో పైనే తేలుతుంది.

పాతకాపు_96
ఓనర్ చేసినా, రెండూ వేరే ప్రాసెస్‌లవి అయితే ఇన్‌పుట్ క్యూలు అలాగే కలుస్తాయి సీతా. మెనూ దక్కుతుంది, బిగుసుకుపోవడం పోదు.

ముడి అసలు వేయకుండా పక్కన నడిపించడం మేలు. పాత విండోని దాని మానాన టాప్ లెవెల్‌గానే వదిలేయండి. మీ విండో కదిలినప్పుడల్లా సెట్‌విండోపాస్‌తో దాన్ని మీ కుడి అంచు పక్కకి జరపండి. ఆ పిలుపులో ఎసింక్‌విండోపాస్ ఫ్లాగు తప్పకుండా పెట్టండి. అది లేకపోతే అవతలి ప్రోగ్రామ్ ఆగి ఉన్నప్పుడు జరపబోయిన మీరూ ఆగిపోతారు. ఫ్లాగు ఉంటే కోరిక అవతలి థ్రెడ్‌కి చేరుతుంది, మీ దారిన మీరు వెళ్ళిపోతారు. ఎవరైనా పాత విండోనే లాగితే తెలుసుకోవడానికి సెట్‌విన్‌ఈవెంట్‌హుక్‌లో లొకేషన్ మార్పు ఈవెంట్ వినండి.

కోరమంగళ_కిరణ్
ఇంకో మాట. ఆ పాత ప్రోగ్రామ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నారేమో చూడండి. పాత మిషన్ ప్రోగ్రాములు చాలావాటిని అలాగే నడుపుతారు. మీది మామూలు హక్కులతో ఉంటే, విండోస్ విస్టా నుంచి వచ్చిన అడ్డుగోడ వల్ల మీ మెసేజ్‌లు దానికి చేరవు. జరపడం కూడా కుదరదు.

మారతహళ్ళి_మురళి
ఈరోజు ల్యాబ్‌కి వెళ్ళాను. కేఆర్ పురం దాటేసరికి పదకొండయింది. మిషన్‌ని గోడ దగ్గర్నుంచి జరిపి వెనక చూస్తే రెండు తొమ్మిది పిన్నుల పోర్టులు ఉన్నాయి. ఒకటి పాత కంప్యూటర్‌కి. రెండోదాని మీద దుమ్ము పట్టిన ప్లాస్టిక్ మూత ఉంది, కింద హోస్ట్ అని అచ్చు వేసి ఉంది. మస్తాన్ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఎస్పీ రోడ్డుకి వెళ్ళి యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కొన్నాను. పెడితే ఒక్క అక్షరం రాలేదు.

మడివాళ_మస్తాన్
నల్ మోడెమ్ కేబుల్ కావాలేమో. రెండో పిన్నూ మూడో పిన్నూ అడ్డంగా మారాలి, లేకపోతే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడుతుంటారు, రెండో తీగ మీద ఇద్దరూ వింటుంటారు. బాడ్ రేటు, పారిటీ మిషన్ సెట్టింగుల్లో చూసి అవే పెట్టండి. మిషన్ మొదట ఈఎన్‌క్యూ పంపుతుంది, అంటే బైటు 05. మీరు ఏసీకే, అంటే 06, తిరిగి పంపకపోతే అది ఇంకేమీ చెప్పదు. పలకరిస్తే పలకాలి. ప్రతి ఫ్రేముకీ అలాగే ఏసీకే ఇస్తూ ఉండండి, చివర ఈఓటీ వస్తుంది, బైటు 04.

మారతహళ్ళి_మురళి
కేబుల్ మార్చాను. రాత్రి తొమ్మిదిన్నరకి మొదటి ఫ్రేమ్ వచ్చింది. ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను, ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్లో ఉన్నాడు. ఇద్దరం అరిచాం.

ఫ్రేమ్ సరిగ్గా వచ్చిందో చూసే చెక్‌సమ్ మాత్రం కలవడం లేదు.

మడివాళ_మస్తాన్
ఫ్రేమ్ మొదట్లో వచ్చే ఎస్‌టీఎక్స్ బైటుని కలపకండి. ఫ్రేమ్ నంబరు నుంచి మొదలుపెట్టి ముగింపు గుర్తు ఈటీఎక్స్ వరకు, ఆ బైటుతో సహా కూడి, 256తో భాగించగా మిగిలింది రెండు హెక్స్ అంకెలుగా ఉంటుంది. రికార్డు ఒక ఫ్రేములో పట్టక తర్వాతిదానిలో కొనసాగితే చివర ఈటీఎక్స్ బదులు ఈటీబీ ఉంటుంది, అది కూడా చూసుకోండి.

మారతహళ్ళి_మురళి
ఎస్‌టీఎక్స్ కలిపేస్తున్నాను, అదే తప్పు. ఇప్పుడు సరిపోయింది.

మారతహళ్ళి_మురళి
పదహారు రోజుల తర్వాత రాస్తున్నాను, మధ్యలో ఇటు రాలేకపోయాను. ఎంబెడ్ చేసిన ట్యాబ్ తీసేశాం. రిజల్టులు నేరుగా మా స్క్రీన్‌లోకే వస్తున్నాయి, టెక్నీషియన్ చూసి ఒప్పుకున్నాకే సేవ్ అవుతాయి. పాత ప్రోగ్రామ్ తన పూర్తి సైజులో, తన మెనూతో, పక్కనే నడుస్తోంది. పాతకాపు గారు చెప్పినట్టు మా విండోతోపాటు జరుగుతుంది, అది ఆగినా మాది ఆగడం లేదు. కిరణ్ గారూ, అది నిజంగానే అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తోంది. దాని ఫోల్డరుకి రాసే హక్కు ఇచ్చి మామూలుగా నడిపాం. మేనేజర్ గారు మొదట ఒకే విండో కాదే అన్నారు. తర్వాత టెక్నీషియన్ ఒక్క అంకె కూడా టైపు చేయకపోవడం చూసి ఇంకేమీ అనలేదు.

ల్యాబ్_లలిత
హెచ్చరిక గుర్తులు వస్తున్నాయా?

మారతహళ్ళి_మురళి
వస్తున్నాయండీ. ప్రతి రిజల్టు రికార్డులో ఏడో గడి దానికోసమే ఉంది, ఎక్కువ తక్కువల గుర్తు అందులో వస్తుంది. ప్లేట్‌లెట్ల గుంపు సంగతి మాత్రం మా మిషన్ అందులో పెట్టదు, కింద వేరే కామెంటు రికార్డుగా పంపుతుంది. మొదట మేము ఆ రికార్డులు వదిలేసి చదివాం. మీ మాట గుర్తొచ్చి మళ్ళీ లాగ్ మొత్తం చూస్తే దొరికింది. ఇప్పుడు ఆ కామెంటు వస్తే అంకె పక్కనే ఎర్రగా పడుతుంది, స్లైడు చూశానని టిక్ పెట్టేదాకా రిపోర్టు ప్రింటు అవ్వదు.

ల్యాబ్_లలిత
ఆ టిక్ పక్కన ఎవరు చూశారో పేరు కూడా పడేలా చేయండి. నైట్ డ్యూటీ వాళ్ళకి పనికొస్తుంది.

మారతహళ్ళి_మురళి
సోమవారానికి పెట్టేస్తానండీ.